డ్యూటీ వదల్లేని వాళ్లకి భూమి వ్యవహారం నేర్పే మనిషి ఎక్కడ దొరుకుతాడు? (రాయగడ, కొరాపుట్, గజపతి, గంజాం)

షిఫ్ట్ ఇంజినీర్, రాయగడ

అందరికీ నమస్కారం. రాయగడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. సొంతూరు పార్వతీపురం వైపు. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. నాకు ఏ, బీ, సీ షిఫ్టులు, ఆవిడకి మార్చి వస్తే రాత్రి దాకా బ్రాంచిలోనే. ఇద్దరికీ కలిసొచ్చేది ఆదివారం ఒక్క పూట.

కొంత డబ్బు ఎఫ్‌డీల్లో ఉంది. టౌన్లో ఒక స్థలమో, అద్దెకిచ్చుకునే చిన్న ఇల్లో కొందామని చాన్నాళ్లుగా అనుకుంటున్నాం. ఎవరినడగాలో తెలియక అక్కడే ఆగిపోయాం. ఇక్కడి పట్టా ఒడియాలో ఉంటుంది. నాకు మాట్లాడటం బాగానే వచ్చు గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి. పోనీ ఆంధ్రా వైపు కొందామంటే అక్కడి కాయితాలు వేరు, చట్టాలు వేరు.

విశాఖలో ఒక వీకెండ్ కోర్సు ఉందని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. ఫీజు 45 వేలు. తర్వాత ఏడాదంతా ఒక మెంటర్ ఫోన్లో అందుబాటులో ఉంటాడట. డబ్బు కట్టే ముందు మిమ్మల్ని అడగాలనిపించింది. ఉద్యోగం చేసుకుంటూనే ఇలాంటి మనిషిని సంపాదించుకున్నవాళ్లు మీలో ఉన్నారా? ఎక్కడ దొరికారు? వాళ్లు మీ కోసం టైము పెడితే మీరు బదులుగా ఏమిచ్చారు?

డాక్టరమ్మ, జయపురం

మీ పరిస్థితి నాకు బాగా అర్థమవుతుంది. పొద్దున ఆసుపత్రి, సాయంత్రం సొంత క్లినిక్. నా దగ్గర టైము లేదని తెలిసినవాళ్లంతా "మీరు సంతకం పెట్టండి మేడమ్, మిగతాది మేం చూసుకుంటాం" అనేవారు. నాకు భయం వేసింది ఆ మాటకే.

నాకు దొరికిన మనిషి మా క్లినిక్ ఉన్న బిల్డింగు యజమాని. పెదనాన్నగారూ అని పిలుస్తాను. పాతికేళ్ల పైబడి షాపులు అద్దెలకిస్తున్నారు, కొన్నారు, అమ్మారు. నాకు అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నాకది చాలా ముఖ్యం. "నాకు నేర్పండి" అని నేను అడగలేదు. అలా అడిగితే పెద్దవాళ్లకి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "మీరు ఆఖరుగా కొన్నదాని ఫైలు ఒకసారి చూపిస్తారా?" అని అడిగాను.

ఆ ఫైలు ఒక పాత రెక్సిన్ సంచిలో ఉంది. పైన సేల్ డీడు, కింద లింకు డీడ్లు (అంతకు ముందు చేతులు మారిన దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, అప్పులు చూపే కాయితం), ఖజణా అంటే భూమి శిస్తు కట్టిన రసీదులు ఏళ్ల వారీగా పిన్ను కొట్టి ఉన్నాయి. వాటి మధ్యలో చేత్తో గీసిన స్థలం బొమ్మ. పక్కింటివాడితో హద్దు దగ్గర తేడా ఎక్కడుందో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకున్నారు. ఆ తేడా తీరాకే మిగతా డబ్బు ఇచ్చారట. ఏ కోర్సులోనూ నాకు ఈ సంగతి దొరికేది కాదు.

బదులుగా ఏమిచ్చానంటారా? ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా నాకు ఫోన్ చేస్తారు, నేను వెళ్తాను. అంతకంటే లెక్కలేమీ పెట్టుకోలేదు.

కోడర్, గుణుపురం

డాక్టరుగారూ, మీకు మంచి ఓనరు దొరికారు. అందరికీ దొరకరు కదా? నేను ఇంటి నుంచే ఐటీ ఉద్యోగం చేస్తాను. ఇక్కడ నాకు పరిచయాలు తక్కువ. కోర్సు అంటే తప్పేముంది? ఎంబీబీఎస్‌కైనా ఫీజు కట్టే కదా చదువుతాం. 45 వేలు పోసి 20 లక్షల దగ్గర తప్పు చేయకుండా ఉంటే లాభమే కదా.

రెరా ఏజెంట్, విజయనగరం

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏజెంటుని, రెరా (స్థిరాస్తి అమ్మకాల నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉన్నవాణ్ణి. నేను చెప్పేది ఆ సంగతి గుర్తుపెట్టుకునే చదవండి.

గుణుపురం తమ్ముడూ, ఫీజు తీసుకోవడం తప్పు కాదు. కోర్సు చెప్పేవాడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది చూడాలి. మా వైపు జరిగేది నాకు తెలుసు. రెండు రోజులు హోటల్ హాల్లో పాఠం, మూడో రోజు బస్సులో సైట్ విజిట్. ఆ వెంచర్లో ప్లాటు కొంటే మెంటర్‌కి కమిషన్. మామూలు అమ్మకాల్లో మాకు దొరికేది ఒకటి, రెండు శాతం. కొత్త వెంచర్లలో అంతకు చాలా ఎక్కువ ఇస్తారు, ఎందుకంటే అదంతా రేట్లో కలిపే ఉంటుంది. కొన్నిచోట్ల చేరినవాళ్లని కూడా ఏజెంట్లుగా మార్చి, మీ బంధువులకి అమ్మమంటారు. నేర్చుకుందామని వెళ్లినవాడు నెల తిరిగేసరికి బావమరిదికి ప్లాటు అంటగడుతుంటాడు.

కాబట్టి ఎవరినైనా మొదట అడగాల్సిన మాట ఇది: "నేను కొంటే మీకేం వస్తుంది? కొనకపోతే ఏం వస్తుంది?" నన్నూ అడగండి. కొంటే నాకు కమిషన్, కొనకపోతే ఏమీ రాదు. అందుకే నేను మీకు ధరలు చెప్పగలను, సైట్లు చూపించగలను. కొనాలా వద్దా అని మాత్రం నన్ను అడగొద్దు.

ఇంకొకటి. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటుని గానీ, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న ప్రాజెక్టుని గానీ రిజిస్టర్ చేయకుండా అమ్మకూడదు, ప్రకటన కూడా ఇవ్వకూడదు. అమ్మిపెట్టే ఏజెంటుకీ రిజిస్ట్రేషన్ ఉండాలి. "ప్రీ లాంచ్ రేటు, రెరా నంబరు తర్వాత వస్తుంది" అనేవాడు మెంటర్ అయినా మామయ్య అయినా అక్కడి నుంచి వచ్చేయండి.

మాస్టారు, పర్లాకిమిడి

ఇంజినీరు బాబూ, నేను రిటైరైన టీచర్ని. మా ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఈ రెండూ వచ్చని చుట్టుపక్కలవాళ్లు పట్టాలు పట్టుకొచ్చి చదివించుకుంటారు. అలా చదవగా చదవగా తెలిసిన సంగతులు కొన్ని చెప్తాను. నీకు నేర్పేవాడికి ఇవి వచ్చో రావో చూసుకో.

ఒడిశా పట్టా మొదటి పేజీలో ఖాతా నంబరు, రైతు పేరు, తండ్రి పేరు, ఊరు ఉంటాయి. వాటితోపాటే జాతి అని రాసి ఉంటుంది. కంధ, సౌరా, పరజా, గదబ, ఇలా గిరిజన తెగల పేర్లు ఉండొచ్చు. కొత్తవాళ్లు దీన్ని దాటేసి విస్తీర్ణం దగ్గరికి వెళ్లిపోతారు. నీ ఊళ్లో అన్నిటికంటే ముందు చదవాల్సిన మాట అదే. రాయగడ జిల్లా మొత్తం, కొరాపుట్, నవరంగపూర్, మల్కనగిరి మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకి ప్రత్యేక చట్టాలున్న ప్రాంతం. మా గజపతిలో కొంత భాగమే. ఇక్కడ 1956 నాటి రెగ్యులేషన్ 2 నడుస్తుంది. గిరిజనుల భూమిని గిరిజనేతరులకి బదిలీ చేస్తే చెల్లదు. పూర్వం అధికారి అనుమతితో కుదిరేది. 2002 నుంచి ఆ దారి కూడా మూసేశారు. 2023 నవంబరులో కేబినెట్ ఆ దారి మళ్లీ తెరుద్దామనుకుని, వ్యతిరేకత రావడంతో ఆగిపోయింది. ఆ వార్త ఒక్క ముక్క చూసి "ఇప్పుడు కొనుక్కోవచ్చు" అని చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.

అమ్మేవాడు గిరిజనేతరుడే అయినా సరిపోదు. అతనికి ఎవరి దగ్గర నుంచి వచ్చింది, వాళ్లకి ఎవరి దగ్గర నుంచి వచ్చింది అని 1956 దాకా వెనక్కి పోవాలి. మధ్యలో ఎక్కడైనా గిరిజనుల చేతిలోంచి అనుమతి లేకుండా మారి ఉంటే, ఈరోజు కాకపోతే రేపైనా సబ్ కలెక్టరు భూమి వెనక్కి ఇప్పించగలడు. మామూలుగా లాయర్లు ముప్పై ఏళ్లు చూస్తే చాలంటారు. నీ జిల్లాలో చాలదు.

రెండో పేజీలో ప్లాట్ నంబరు, కిసం, చౌహద్ది (నాలుగు వైపులా హద్దులు), ఎకరాలు డెసిమళ్లలో విస్తీర్ణం ఉంటాయి. కిసం అంటే భూమి రకం. ఘరబారి అయితే ఇల్లు కట్టుకోవచ్చు. శారద అని ఉంటే వరిపొలం. దాన్ని ఇంటిస్థలం చేయాలంటే తహసీల్దారు దగ్గర ఒడిశా భూసంస్కరణల చట్టం 8-ఎ కింద మార్పించాలి. గోచర (పశువుల మేత భూమి), రఖిత (ప్రభుత్వం అట్టిపెట్టుకున్న భూమి) అని ఉంటే ఇక అడగనే వద్దు.

కొలతల దగ్గర కూడా జాగ్రత్త. డెసిమల్, మన సెంటు ఒకటే, 435.6 చదరపు అడుగులు. గుంట మాత్రం అటొకటి ఇటొకటి. తెలుగు రాష్ట్రాల్లో ఎకరానికి 40 గుంటలు లెక్క, ఒడిశాలో 25. "అయిదు గుంటలు, గుంట ఇంత" అని బేరం మొదలైతే ఏ గుంటో తేల్చుకోకుండా మాటివ్వకు.

ఇవన్నీ నీకు నువ్వే చూడగలవు. పట్టా నకలు భూలేఖ్‌లో, ప్లాటు బొమ్మ భూనక్షలో, ఈ రెండు ప్రభుత్వ సైట్లలోనూ ఉచితంగా కనిపిస్తాయి. పని ఖాయమయ్యాక సర్టిఫైడ్ కాపీ తహసీల్ ఆఫీసులో తీసుకోవాలి.

షిఫ్ట్ ఇంజినీర్, రాయగడ

మాస్టారూ, మీకు దండం. మీ పోస్టు ప్రింటు తీసి మా ఆవిడకి ఇచ్చాను. ఆవిడ ఒడియా నాకంటే బాగా చదువుతుంది. ఇద్దరం కూర్చుని మేం ఇప్పుడు అద్దెకున్న ఇంటి ప్లాటు భూలేఖ్‌లో తీసి చూసుకున్నాం. కిసం, జాతి, చౌహద్ది అన్నీ కనిపించాయి.

కోర్సు ఆలోచన మానేశాం. ఏజెంటుగారు చెప్పిన రెండు ప్రశ్నలూ ఫోన్లో అడిగితే అవతలివాళ్లు "ముందు జాయిన్ అవ్వండి సార్, అన్నీ క్లాసులో చెప్తాం" అన్నారు.

ఈలోగా మా సహోద్యోగి ఒక కాంట్రాక్టరుని పరిచయం చేశారు. మా అందరికీ తెలిసిన తెలుగువాడే, చాలా కలుపుగోలు మనిషి. నేర్పిస్తానన్నాడు, ఫీజు వద్దన్నాడు. కోల్నారా రోడ్డు వైపు 20 డెసిమళ్లు చూపించాడు. రేటు టౌన్లో దానికి మూడో వంతు కూడా లేదు. భూమి ఆదివాసీ కుటుంబానిదట. "రిజిస్ట్రేషన్ అవ్వదు గానీ పవర్ ఆఫ్ అటార్నీ, 99 ఏళ్ల లీజు రాయించుకుందాం, లేదంటే మన దగ్గర పనిచేసే ఆదివాసీ కుర్రాడి పేరున కొందాం, ఇక్కడ అందరూ చేసేదే" అన్నాడు. నేనింకా ఏమీ చెప్పలేదు. ఏమంటారు?

మాస్టారు, పర్లాకిమిడి

వద్దు బాబూ. ఆ రెగ్యులేషన్లో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. లీజు, తనఖా, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. కాయితం పేరు మార్చినంత మాత్రాన ఆ చట్టం నుంచి తప్పించుకోలేవు.

చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆ భూమి ఆ కుటుంబానికి ఉన్న ఒక్క ఆధారం. రేటు మూడో వంతు ఎందుకుందో ఆలోచించు. అమ్మేవాడికి అవసరం ఉంది, కొనేవాడికి హక్కు లేదు. అలాంటి చోటే రేటు అలా పడిపోతుంది. మా బడిలో నా దగ్గర చదువుకున్న సౌరా పిల్లల ఇళ్లల్లో ఇలా పోయిన భూములు చూశాను. పిల్లాడి ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో వేలిముద్ర వేస్తారు. తర్వాత అదే పొలంలో కూలికి వెళ్తారు. దాని మీద సంపాదించేది మనకి వద్దు.

సీఏ, బరంపురం

మాస్టారి మాటకి నా వైపు నుంచి ఒక్క సంగతి. పనివాడి పేరున కొని డబ్బు మీరు పెడితే అది బినామీ. 1988 చట్టాన్ని 2016లో సవరించాక ఆస్తి జప్తు అవుతుంది. పైగా నేరం రుజువైతే ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి మార్కెట్ విలువలో పాతిక శాతం వరకు జరిమానా. మీ ఇద్దరివీ జీతాల మీద బతికే ఉద్యోగాలు. మీ ఆవిడ బ్యాంకు ఉద్యోగానికి కూడా ముప్పు రావచ్చు.

ఆ కాంట్రాక్టరు చెడ్డవాడని నేను అనను. ఇక్కడ చాలామంది అదే పద్ధతిలో నడుస్తున్నారు కాబట్టి అతనికి అది మామూలుగా కనిపిస్తోంది. అయితే మీకు నేర్పేవాడు మాత్రం అతను కాడు.

షిఫ్ట్ ఇంజినీర్, రాయగడ

అర్థమైంది సార్. ఈరోజే వద్దని చెప్పేశాను. మా ఆవిడ అయితే మాస్టారి పోస్టు చదివాక ఆ విషయం ఇంక మాట్లాడనివ్వలేదు.

ట్రాక్ సూపర్‌వైజర్, రాయగడ

ఇంజినీర్ గారూ, మన ఊళ్లో రేట్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. 2025 జనవరి 6న రాయగడ రైల్వే డివిజన్ ఆఫీసుకి శంకుస్థాపన జరిగిన దగ్గర నుంచి ప్రతి బ్రోకరు నోటా అదే. నేను రైల్వేలోనే ఉన్నాను. స్టేషన్‌కి ఏ మూల ఉన్న స్థలమైనా "డివిజన్ పక్కనే" అని చెప్పి అమ్ముతున్నారు. కొరాపుట్ వైపు రాయపూర్–విశాఖ ఎక్స్‌ప్రెస్ రోడ్డు పేరు చెప్తారు. 464 కిలోమీటర్ల రోడ్డది, ఎక్కడ పడితే అక్కడ ఎక్కి దిగేది కాదు. మీ స్థలం పక్కనుంచే పోయినా, ఎక్కే చోటు దూరంగా ఉంటే మీకు మిగిలేది హారన్ల చప్పుడే. మీకు నేర్పేవాడు పేపర్లో వచ్చిన వార్తని బట్టి రేటు చెప్తున్నాడా, పక్క వీధిలో నిజంగా రిజిస్టరైన డీడ్ల రేటు చెప్తున్నాడా, గమనించండి.

ఇంకొకటి, మాలాంటి వాళ్ల కోసం. ప్రభుత్వ, రైల్వే ఉద్యోగులు స్థిరాస్తి కొన్నా అమ్మినా ఆఫీసుకి తెలియజేయాలి. ఇంట్లోవాళ్ల పేరున కొన్నా అంతే. మీ ఆవిడ బ్యాంకులో రూలు కూడా కనుక్కోండి. నాకు ఇది చెప్పినది ఏ భూమి పండితుడూ కాదు, మా ఎస్టాబ్లిష్‌మెంట్ క్లర్కు. అలాంటివాళ్లు కూడా మన గురువులే.

కోడర్, గుణుపురం

ఇదంతా చదివాక నాకు టెన్షన్ పెరిగింది. ఇంత కష్టమైతే అసలు భూమి ఎందుకు? రీట్లు (అద్దె వచ్చే బిల్డింగుల్లో షేర్ల లాంటి వాటాలు) ఉన్నాయి కదా, ఫోన్లోనే కొనుక్కోవచ్చు. వాటికి మెంటర్ కూడా అక్కర్లేదు.

సీఏ, బరంపురం

మంచి ప్రశ్న తమ్ముడూ. టైము లేనివాడికి అది నిజంగా ఆలోచించాల్సిన దారి. మన దేశంలో సెబీ రీట్ నియమాలు 2014లో వచ్చాయి, మొదటి రీట్ 2019లో లిస్టయింది. అద్దె వచ్చే ఆఫీసు బిల్డింగులే ఎక్కువ. పంచిపెట్టగలిగే నగదులో కనీసం 90 శాతం యూనిట్లు ఉన్నవాళ్లకి పంచాలి. టైటిల్ చూసుకోనక్కర్లేదు, అద్దెకున్నవాడి వెనక తిరగనక్కర్లేదు, అవసరమైతే అమ్మేసుకోవచ్చు. రేటు మాత్రం షేర్ల లాగే పెరుగుతుంది, తగ్గుతుంది.

ఇల్లు కొని అద్దెకిస్తే ఎంత వస్తుందో ఒకసారి లెక్క వేద్దాం. 40 లక్షల ఇల్లు, నెలకి 9 వేలు అద్దె అనుకోండి. ఏడాదికి లక్షా 8 వేలు, అంటే 2.7 శాతం. అందులోంచి ఇంటిపన్ను, రిపేర్లు, ఖాళీగా ఉన్న నెలలు తీసేయాలి. అప్పు తెచ్చి కొంటే వడ్డీ అంతకు మూడింతలు. అంటే మన ఊళ్లలో ఇల్లు కొనేవాడు అద్దె కోసం కొనడం లేదు, రేటు పెరుగుతుందని కొంటున్నాడు. ఆ పెరుగుదల మీద నమ్మకం ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. "అద్దెలతో ఉద్యోగం మానేయొచ్చు" అని చెప్పే మెంటర్ ముందు ఈ లెక్క పెట్టండి, ఏమంటాడో చూడండి.

పన్నుల సంగతి కూడా చెప్పేస్తాను. 50 లక్షలు, ఆ పైన ఉన్న ఆస్తికి కొనేవాడు 1 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి. స్థిరాస్తి బేరంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోకూడదు, అడ్వాన్సు అయినా సరే. రెండేళ్లు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. 2024 జూలై 23కి ముందు కొన్నవాటికి మాత్రం ధరల పెరుగుదలని బట్టి కొన్న ధరని పెంచి లెక్కేసే ఇండెక్సేషన్‌తో 20 శాతం వేసి, రెండిట్లో తక్కువది కట్టొచ్చు. ఒడిశాలో స్టాంపు డ్యూటీ మగవాళ్ల పేరున 5 శాతం, ఆడవాళ్ల పేరున 4, రిజిస్ట్రేషన్ ఫీజు 2. ఇంజినీర్ గారు మీ ఆవిడ పేరున కొంటే 20 లక్షల మీద 20 వేలు మిగులుతాయి.

రెరా ఏజెంట్, విజయనగరం

సరిహద్దు దాటి మా వైపు కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. ఒడిశాలో గిరిజనేతరుడి పాత పట్టా భూమి సరైన లింకులుంటే కొనుక్కోగలరు. ఆంధ్రా ఏజెన్సీలో అలా కాదు. 1/70 చట్టం ప్రకారం సీతంపేట, గుమ్మలక్ష్మీపురం లాంటి చోట్ల గిరిజనేతరుడి నుంచి గిరిజనేతరుడు కొన్నా చెల్లదు. రాయగడలో పండిపోయిన మనిషి కూడా ఈ తేడా తెలియక పార్వతీపురం వైపు సలహాలు ఇవ్వడం నేను చూశాను. ఒక్క మనిషి రెండు రాష్ట్రాలకీ పనికిరాడు. ముందు ఎక్కడ కొంటారో తేల్చుకుని, ఆ తహసీలు తెలిసినవాణ్ణి వెతకండి.

షిఫ్ట్ ఇంజినీర్, రాయగడ

మేం రాయగడ టౌన్లోనే అనుకుంటున్నాం. ఉద్యోగాలు ఇక్కడే, ఆదివారం ఆటోలో వెళ్లి చూసి రాగలం.

కొత్త సంగతి. మా ఆవిడ వాళ్ల బ్రాంచికి లీగల్ ఒపీనియన్ రాసే వకీలుగారిని అడిగింది. ఆయన ఒక రిటైర్డ్ అమీన్‌ని చెప్పారు. సెటిల్‌మెంట్ (ప్రభుత్వ భూసర్వే) రోజుల్లో మన తాలూకా అంతా గొలుసు పట్టుకుని కొలిచిన మనిషి. ఆయన ఒడియా, మాట్లాడేది మాత్రం మనలాగే తెలుగు. మజ్జిగౌరి గుడి దారిలో ఉంటారు. మొన్న ఆదివారం వెళ్లాం. డాక్టరుగారు చెప్పినట్టే, ఆయన ఆఖరుగా కొన్నది, అమ్మింది చూపించమని అడిగాం. కొన్నదాని కంటే అమ్మినదాని గురించే ఎక్కువ చెప్పారు. కొనేవాడు దొరకడానికి ఎంతకాలం పట్టింది, ఎవరెవరు వచ్చి ఎందుకు వెనక్కిపోయారు, దారి వెడల్పు చాలక రేటు ఎంత తగ్గించాల్సి వచ్చింది, అన్నీ.

మాకు చూపించడానికి ఒక బేరం కూడా తీశారు, అయితే కొనడానికి కాదు, వద్దనుకోవడానికి. పట్టాలో అన్నీ బాగున్నాయి. స్థలం దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టారు. చౌహద్దిలో తూర్పున దారి అని రాసి ఉంది, అక్కడ చూస్తే ప్రహరీ. దారిని పక్కవాడు కలిపేసుకున్నాడు. "కాయితం నిజమే చెప్పింది, భూమి మారిపోయింది" అన్నారు. మా ఆవిడ అక్కడే నిలబడి ఫోన్లో భూనక్ష తెరిచి చూపిస్తే ఆయనకి ఎంత సంతోషమో! తహసీల్ ఆఫీసుకి వెళ్లకుండా బొమ్మ చూడొచ్చని ఆయనకి తెలియదట.

ఇప్పుడు నా ప్రశ్న. ఆయన డబ్బు తీసుకోనంటున్నారు. ఊరికే తిప్పించుకోవడం నాకు బాగా అనిపించడం లేదు. ఏం చేయాలి?

డాక్టరమ్మ, జయపురం

బాగుందమ్మా ఈ కబురు. డబ్బు గురించి రెండు వేరు వేరు పనులుగా చూడండి. మీతో మాట్లాడి, నేర్పినందుకు ఆయన తీసుకోకపోవచ్చు. మీరు కొనే స్థలం కొలిపిస్తే అది పని, దానికి మామూలు రేటు ఇవ్వండి, ముందే చెప్పి. వకీలు సెర్చ్ రిపోర్టుకీ అంతే, బ్యాంకు లోను తీసుకోకపోయినా రాయించుకోండి, రాతపూర్వకంగా.

మిగతాదానికి మీ దగ్గరే జవాబుంది. ఆయనకి కాయితం తెలుసు, మీ ఇద్దరికీ ఫోన్ తెలుసు. ఆయన ఊరివాళ్లు ఎవరైనా పట్టా చూపించుకోవడానికి వస్తే భూలేఖ్ తీసి ప్రింటు ఇవ్వండి. ఆయన ఆస్తుల కాయితాలు స్కాన్ చేసి, పిల్లలకి అర్థమయ్యేలా ఒక లిస్టు రాసిపెట్టండి. మా పెదనాన్నగారికి నేను అదే చేసిపెట్టాను. వాళ్లబ్బాయి బెంగళూరు నుంచి ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పాడు.

టైము గురించి. నెలకి ఒక్క ఆదివారం పెట్టుకోండి, అది మాత్రం తప్పించకండి. మధ్యలో వచ్చే సందేహాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుని ఒకేసారి అడగండి. పెద్దవాళ్లకి రోజూ ఫోన్లు చేస్తే విసుగొస్తుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన రోజు బేరానికి మాత్రం వెళ్లకండి. నిద్రలేని కళ్లకి అన్ని కాయితాలూ బాగానే కనిపిస్తాయి.

మోడరేటర్

ఆ అమీన్‌గారి ఫోన్ నంబరు అడుగుతూ వచ్చిన పోస్టులు తీసేశాను. ఎవరి నంబర్లూ ఇక్కడ పెట్టొద్దు. మీ టౌన్లో బ్యాంకు ప్యానెల్ వకీలుని అడిగితే ఆయనకి తెలిసినవాళ్లని చెప్తారు.

కోడర్, గుణుపురం

నేనూ మా ఊళ్లో అలాగే వెతుకుతాను. అయితే ఒక సందేహం. ఇంజినీర్ గారికి అమ్మేవాడు గిరిజనేతరుడే అని తేలింది అనుకుందాం. 1956 దాకా లింకు ఎలా చూడాలి? ఆన్‌లైన్లో ఈసీ అంత వెనక్కి రాదు కదా?

మాస్టారు, పర్లాకిమిడి

రాదు బాబూ. పాతవి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుస్తకాల్లో వెతికించాలి, సెర్చ్ ఫీజు కట్టి. దానితోపాటు తహసీల్లో పాత సెటిల్‌మెంట్ పట్టా నకలు, మ్యుటేషన్ కేసు ఫైలు అడగాలి. మ్యుటేషన్ ఫైల్లో ఎవరి పేరు తీసి ఎవరి పేరు రాశారో, ఏ డీడ్ చూసి రాశారో ఉంటుంది. పాత పట్టాలో జాతి గడి మళ్లీ చదవండి. ఇప్పటి పట్టాలో ఒకటి, అప్పటి పట్టాలో ఇంకొకటి ఉంటే, మధ్యలో ఏ అధికారి ఏ తేదీన అనుమతి ఇచ్చారో ఆ ఆర్డరు కాపీ అమ్మేవాడి దగ్గరే అడగండి. "ఇంట్లో ఎక్కడో ఉంది" అంటే దొరికాకే రమ్మనండి, అడ్వాన్సు ఇవ్వకండి.